అన్నం పెట్టిన చెయ్యే సూదీ వేయించాలి

మీ ఇంటి దగ్గర కుక్క ఉందా?

ఈ మధ్య పని మీద ఏ ఊరు వెళ్లినా ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఆనందపురంలో పూలు కోసేవాళ్లను అడిగాను. పద్మనాభం మండలంలో వరి రైతులను అడిగాను. పెందుర్తి రైతు బజారులో తట్టల వెనక కూర్చున్న అక్కలను అడిగాను. ఎవరిని కదిపినా ఇంచుమించు ఒకటే జవాబు.

"మాది కాదు బావూ. ఇక్కడే పడుంటాది. ఇంత ముద్ద ఎడతాం."

"పేరుందా?"

"ఉంది. రాజుగాడు."

చూశారా! పేరు ఉంది. పొద్దున గంజి ఉంది, రాత్రి ముద్ద ఉంది. కళ్లంలో ధాన్యం రాశి పోస్తే దాని చుట్టూ తిరిగి కాపలా కాసే డ్యూటీ ఉంది. తోటలోకి కోతులు దిగితే తరమాలి, సాలలో పాము కనబడితే మొరగాలి. ఇన్ని పనులు చేయించుకుంటాం గానీ అది మనది కాదు. మరి ఎవరిది? పక్కింటాయన్ని అడిగితే ఆయనదీ కాదంటాడు. ఊళ్లో వంద కుక్కలుంటే, "ఇది నాది, దీనికి టీకా వేయించాను, ఇదిగో కార్డు" అని చూపించేవాళ్లు ఎందరున్నారో మీరే లెక్క వేసుకోండి.

ఈ వారం నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఏ చెయ్యి ముద్ద పెడుతుందో ఆ చెయ్యే ఆ కుక్కకు, ఆ పిల్లికి టీకా కూడా వేయించాలి. సర్కారు చేయాల్సిన పని కూడా ఉంది. దాని దగ్గరకూ వస్తాను. ముందు మన ఇంటి సంగతి చూద్దాం.

గేదె గొంతులో మామిడి టెంక

నేను డాక్టర్ని కాదు. ఇంటర్మీడియట్ పాసై, పొలం గట్ల మీద తిరుగుతూ వార్తలు రాసుకునేవాడిని. ఈ జబ్బు గురించి నేను మొదట నేర్చుకున్నది పుస్తకంలో కాదు, మా సాలలో.

1992 ప్రాంతం. నేను ఏడో తరగతి. మా ఇంట్లో నల్లోడని ఒక కుక్క ఉండేది. మా అమ్మ దానికి చోడి అంబలి పోసేది. ఒక రాత్రి ఎక్కడి నుంచో వచ్చిన కుక్కతో కొట్లాడి చెవి దగ్గర గాయంతో వచ్చింది. అమ్మ పసుపు రాసింది. గాయం మానిపోయింది. అందరం మర్చిపోయాం.

నెల దాటాక నల్లోడు తిండి మానేసింది. గడ్డిమేటు కింద చీకట్లో దూరి పిలిచినా వచ్చేది కాదు. ఎండదెబ్బ అనుకున్నాం. రెండో రోజు సాలలోకి పోయి పాడిగేదెను మూతి మీద కరిచి బయటికి పరుగెత్తింది. మూడో నాడు చెరువుగట్టు మీద చచ్చిపడి ఉంది. "ఎవరో మందు ఎట్టేసుంటారు" అన్నాడు మా నాన్న. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

ఆ తర్వాత మామిడి పళ్లు అయిపోతున్న రోజుల్లో గేదె మేత మానేసింది. నీళ్లు పెడితే మూతి పెట్టేది గానీ తాగలేకపోయేది. నోటినుంచి చొంగ ధారగా కారుతోంది. గొంతు మారిపోయి ఆగకుండా అరుస్తోంది. పేడ పడకపోయినా ముక్కుతూనే ఉంది. "టెంక ఇరుక్కుంది" అన్నారు చుట్టుపక్కల పెద్దలు. మా నాన్న నోరు తెరిపించి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఆయనకి అందలేదని మా చిన్నాన్న పెట్టాడు. పళ్లు గీసుకుని ఇద్దరి చేతులూ చీరుకుపోయాయి. అమ్మ ఆ చొంగను గుడ్డతో తుడిచింది.

సాయంత్రానికి పశువుల డాక్టరు వచ్చారు. దూరం నుంచే చూసి ఒకటే మాట అడిగారు. "ఈ మధ్య దీన్ని కుక్క ఏమన్నా కరిచిందా?"

ఎవరూ మాట్లాడలేదు.

గేదె మూడు రోజులకు పోయింది. నాన్న, చిన్నాన్న, అమ్మ ముగ్గురికీ బొడ్డు చుట్టూ సూదులు. ఆ రోజుల్లో ఇచ్చింది గొర్రె మెదడు నుంచి తీసిన టీకా. పద్నాలుగు రోజులు, రోజుకొకటి. నారు పీకే రోజుల్లో ముగ్గురు పెద్దవాళ్లు పని మానుకుని బస్సెక్కి పట్నం వెళ్లి రావాలి. మాకున్న ఒక్క పాడీ పోయింది, ఊడ్పులు వెనకబడ్డాయి, అప్పు మిగిలింది. మనుషులు దక్కారు, అది మా అదృష్టం. ఇప్పటికీ మా నాన్న సూది మాట వింటే బొడ్డు మీద చెయ్యి పెట్టుకుంటాడు.

ఇంత నష్టానికి మూలం ఏమిటి? నల్లోడికి ఒక్క టీకా వేయించకపోవడం. అది వీధికుక్క కాదు. మా అమ్మ అంబలి పోసి పెంచిన మా కుక్క.

వచ్చాక మందు లేదు

రేబీస్ అన్నా, పిచ్చికుక్క జబ్బు అన్నా ఒకటే. కాటు వేసిన జంతువు చొంగలోంచి ఈ వైరస్ గాయంలోకి దిగుతుంది. అక్కడి నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. వారంలో వచ్చినవాళ్లూ ఉన్నారు, ఏడాది దాటాక వచ్చినవాళ్లూ ఉన్నారు. మెదడుకు చేరి లక్షణాలు కనబడ్డాయంటే మనిషికైనా పశువుకైనా వైద్యం లేదు. ప్రాణం పోవడమే. అందుకే ఇది వచ్చాక నయం చేసుకునే జబ్బు కాదు, రాకముందే ఆపాల్సిన జబ్బు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59 వేల మంది దీనితో చనిపోతున్నారు. మనుషులకు సోకిన కేసుల్లో నూటికి 99 కుక్కల వల్లే. చనిపోయేవారిలో నూటికి 40 మంది పదిహేనేళ్లలోపు పిల్లలు. మన దేశంలో ఏటా 20 వేల మంది అని 2003 నాటి సర్వే చెప్పింది. ఈ మధ్య భారత వైద్య పరిశోధన మండలి చేసిన అధ్యయనం సుమారు 5,700 అంటోంది. లెక్క తగ్గింది, సంతోషమే. కానీ ఆ 5,700 మందిలో ప్రతి ఒక్కరూ టీకాతో బతకదగ్గవాళ్లే.

ఇందులో రైతుకు ప్రత్యేకంగా తెలియాల్సింది ఒకటుంది. పిచ్చెత్తిన కుక్క అంటే వీధుల్లో పరుగెత్తి కనబడినవాళ్లనల్లా కరుస్తుందనుకుంటాం. ఆ రకం ఒకటి. రెండోది మూగ రకం. మూలన నక్కుతుంది, దవడ జారిపోతుంది, మింగలేదు. ఎముక ఇరుక్కుందని మనం నోట్లో చెయ్యి పెడతాం. పశువుల్లోనూ అంతే. ఆవు గాని గేదె గాని చొంగ కారుస్తూ, మింగలేక, గొంతు మారి అరుస్తుంటే నోట్లో చెయ్యి పెట్టకండి. ముందు డాక్టరును పిలవండి. మా నాన్న చేసిన పని మీరు చెయ్యొద్దు.

మనం చెప్పే సాకులు

ఊళ్లలో నేను విన్న మాటలు విన్నట్టే చెబుతాను.

"కుక్కకి సూదేటి బావూ, మనుషులకే దిక్కు లేదు." మనుషుల కోసమే అయ్యా ఆ సూది. కుక్కకు వేసిన టీకా మీ ఇంట్లో పిల్లలకు కంచె లాంటిది. పొలానికి ముళ్లకంచె వేస్తాం. అది ముళ్ల మీద ప్రేమతో కాదు కదా.

"సూది ఏస్తే కుక్క మొద్దుబారిపోద్ది, కాపలా కాయదు." ఇది వట్టి మాట. సూది వేసిన చోట ఒక పూట నొప్పి ఉండొచ్చు, కొంచెం నలత ఉండొచ్చు. మర్నాటికి మామూలే. పోలీసు కుక్కలకు, సైన్యంలో కుక్కలకు టీకాలు వేస్తారు. అవేమన్నా మొద్దుబారాయా?

"మాది కట్టేసిన కుక్క. బయటకి ఎల్లదు." గొలుసుతో కట్టిన కుక్క దగ్గరకు పిచ్చికుక్క రాదని ఎవరు చెప్పారు? కట్టేసినది పారిపోలేక ఎక్కువ కాట్లు తింటుంది. మేడ మీద ఫ్లాటులో పెంచుకునే కుక్కనైనా పొద్దునా సాయంత్రం కిందికి తిప్పుతారు కదా.

"పిల్ల కుక్క. పాలపళ్లు. ఏటవుద్ది?" దీనితోనే ఎక్కువ మోసపోతాం. కుక్కపిల్లకూ రేబీస్ వస్తుంది. చిన్నపిల్లలు ఆడుకునేది కుక్కపిల్లలతోనే. పంటి గీత పడితే ఇంట్లో చెప్పరు. చెప్పినా మనం పట్టించుకోం.

"బోలెడు డబ్బులు అవుతాయి." కుక్కకు ఏడాదికొకసారి వేయించే రేబీస్ టీకాను బయట డబ్బు పెట్టి వేయించినా రెండు కిలోల కోడిమాంసం ఖర్చు దాటదు. జూలై 6న సర్కారు పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు.

ఇక చివరి సాకు, అసలు సాకు. ఇది పైకి చెప్పరు. కుక్క పాలివ్వదు, సంతలో ధర పలకదు. గొంతువాపుకు, జబ్బవాపుకు, గాలికుంటుకు మనమే పశువులను పట్టుకుని టీకాలు వేయించుకుంటాం. గొర్రెలకు చిటుక రోగం టీకా అడిగి మరీ వేయించుకుంటాం. ఎందుకంటే అవి పోతే నష్టం కనబడుతుంది. కుక్క వల్ల వచ్చే నష్టం ముందుగా కనబడదు. మా గేదె పోయేదాకా మాకూ కనబడలేదు.

ఒకటే గడప, మూడు మందులు

హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అని సంస్థ ఉంది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1982లో స్థాపించింది. గాలికుంటు టీకాను రైతుకు అందుబాటు ధరలో ఇవ్వడానికే అది పుట్టింది. ఇప్పుడు అదే సంస్థ కుక్కలకు, పశువులకు వేసే రేబీస్ టీకా రక్షారాబ్ చేస్తోంది. మనుషులకు వేసే కుక్కకాటు టీకా కూడా చేస్తోంది. గేదె మందు, కుక్క మందు, మనిషి మందు ఒకే గడప నుంచి వస్తున్నాయి. మన దొడ్లో కూడా గేదె, కుక్క, మనిషి ఒకే గడపలో బతుకుతున్నారు. ఇద్దరికి వేయించి మూడోదాన్ని వదిలేస్తే లెక్క ఎలా కుదురుతుంది?

పిల్లిని మరిచిపోతున్నాం

విశాఖలో పిల్లుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్లండి. చేపల తట్టల చుట్టూ కుక్కలు, పిల్లులు కలిసే తిరుగుతుంటాయి. చేప తల కోసం కొట్లాడుకుంటాయి. అక్కడి నుంచి పిల్లి గోడ దూకి ఇంట్లోకి వస్తుంది, పిల్లవాడి పక్కలో పడుకుంటుంది. కుక్కను గడప బయటే ఉంచే ఇల్లాలు కూడా పిల్లిని పొయ్యిగట్టు దాకా రానిస్తుంది.

పిల్లికి రేబీస్ ఎక్కువగా కుక్క కాటు వల్లే వస్తుంది. అది కరిచినా, గోళ్లతో రక్తం వచ్చేలా గీరినా కుక్క కాటులాగే చూడాలి. "పిల్లి గీరితే ఏటవుద్దమ్మా" అని జాలరిపేటలో ఒక పెద్దమ్మ నవ్వింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పిల్లికీ మూడో నెలలో రేబీస్ టీకా వేయించాలి, తర్వాత ఏటా వేయించాలి.

ఎప్పుడెప్పుడు వేయించాలి

గోడ మీద క్యాలెండరులో రాసుకోండి.

కుక్కపిల్ల పుట్టిన రెండు మూడు వారాల నుంచే డాక్టరు చెప్పినట్టు నులిపురుగుల మందు తాగించాలి. కడుపు నిండా పురుగులున్న పిల్లకు టీకా సరిగా పట్టదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో కలిపి ఇచ్చే టీకా మొదటి మోతాదు. ఇందులో డిస్టెంపర్, పార్వో, కామెర్ల జబ్బు లాంటివాటికి రక్షణ ఉంటుంది. మూడు నాలుగు వారాలకొకసారి, పిల్లకు నాలుగు నెలలు నిండేదాకా మళ్లీ వేయించాలి. నెత్తురు విరేచనాలతో రెండు రోజుల్లో కుక్కపిల్లలు చచ్చిపోవడం చూశారు కదా. దిష్టి తగిలిందంటాం. అది చాలాసార్లు పార్వో. 1978లో ప్రపంచమంతా ఒక్కసారిగా బయటపడిన జబ్బు అది. దిష్టి తీస్తే పోదు, టీకా ఉంటే రాదు.

మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా. ఆ వెంటనే ఒక బూస్టరు కావాలా అనేది డాక్టరు చెబుతారు. తర్వాత ఏడాదికొకసారి తప్పకుండా వేయించాలి. నాలుగేళ్ల కిందట ఒకసారి వేయించామంటే కుదరదు.

వరి రైతులు ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలి. ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వ్యాపిస్తుంది. ఎలుకలను పట్టే కుక్కకూ వస్తుంది. దాని మూత్రం కలిసిన నీళ్లలో చీరిన కాలితో దిగితే మనకూ రావచ్చు. కుక్కకు కలిపి వేసే టీకాల్లో దీనికీ మందు ఉంటుంది. డాక్టరును అడగండి.

ఒక జాగ్రత్త. ఈ టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మందుల షాపులో సీసా కొని, చొక్కా జేబులో వేసుకుని, విశాఖ ఎండలో ఊరికి తెచ్చి, తెలిసినవాడి చేత పొడిపిస్తే అది నీళ్లు పొడిచినట్టే. ఐస్ పెట్టెలో తేవాలి. లేదా కుక్కనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేయించాక కార్డు మీద తేదీ, డాక్టరు సంతకం తీసుకోండి.

కాటుకు చెప్పుదెబ్బ కాదు, సబ్బు నీళ్లు

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నారు పెద్దలు. అది కుక్కకు. కాటు తిన్నవాడి గాయానికి కావాల్సింది సబ్బు, నీళ్లు. కుళాయి కింద గాని బోరు కింద గాని పెట్టి పదిహేను నిమిషాలు సబ్బుతో కడగాలి. వైరస్ సగం అక్కడే చస్తుంది. కారం, సున్నం, పసరు, కిరసనాయిలు, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు లేవు. ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివర్లో ఆపేశారు. ఇప్పుడు చేతికే వేస్తారు. సర్కారు ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వెళ్లాలి. కండకు వేసే పద్ధతిలో పద్నాలుగో రోజు కూడా ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మరో మందు కూడా వేయాలి. అది అడగడం మర్చిపోకండి. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది, ఊళ్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నాయి. టీకా ఉచితం. రెండు సూదులు వేయించుకుని నొప్పి తగ్గిందని మానేస్తే ప్రమాదం.

కరిచింది టీకా వేసిన కుక్కే అయినా గాయం కడగాలి, డాక్టరుకు చూపించాలి. కుక్క కనబడుతుంటే దాన్ని కొట్టి చంపకండి. పది రోజులు కట్టి చూడండి. ఆ పది రోజులూ అది బాగుంటే, కరిచిన నాటికి దాని చొంగలో రేబీస్ లేనట్టే. అంతవరకు మీ సూదులు ఆపొద్దు.

పశువును కరిస్తే? గాయం అలాగే సబ్బుతో కడగండి, చేతికి తొడుగు వేసుకోండి. అదే రోజు పశువుల డాక్టరుకు చెప్పండి. పశువులకూ కాటు తర్వాత వరసగా వేసే టీకాలున్నాయి. అనుమానమున్న పశువు పాలు అమ్మొద్దు, తాగొద్దు. ఈసరికే కాచి తాగేసి ఉంటే బెంబేలెత్తాల్సిన పని లేదు, కాచిన పాలలో వైరస్ బతకదు. ఆ జబ్బుతో చచ్చిన పశువు తోలు ఒలవకుండా లోతుగా పాతిపెట్టాలి.

చట్టం మధ్యలో జారిపోతున్న కుక్క

ఇక సర్కారు సంగతి. ఒకప్పుడు పట్నాల్లో వీధికుక్కలను పట్టి చంపేవారు. చంపిన కుక్క స్థానంలోకి పక్క వీధి నుంచి టీకా లేని కొత్త కుక్క వచ్చేది. జబ్బు తగ్గలేదు. తర్వాత 2001లో నిబంధనలు వచ్చాయి. చంపొద్దు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలన్నారు. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2025లో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి దేశమంతా చర్చ అయింది.

ఆ 2023 నిబంధనల్లో పెంపుడు జంతువుకు టీకా బాధ్యత యజమానిది. వీధి జంతువుకు టీకా బాధ్యత స్థానిక సంస్థది. వినడానికి చక్కగా ఉంది. మరి మన రాజుగాడు ఎవరి కిందికి వస్తాడు? అన్నం పెట్టే ఇల్లు మాది కాదంటుంది. పంచాయతీ వాళ్లు వస్తే, పేరు పెట్టి పిలిస్తే తోక ఊపుతోంది కాబట్టి పెంపుడుదే అంటారు. పట్నంలోనూ ఇదే తంతు. క్వార్టర్లు ఖాళీ చేసి సొంతూరు పోయేవాళ్లు సామానంతా లారీకెక్కిస్తారు, కుక్కను గేటు దగ్గర వదిలేస్తారు. నిన్నటి దాకా పెంపుడుది, ఇవాళ్టి నుంచి వీధిది. మన ఊళ్లలో ఎక్కువ కుక్కలు ఈ మధ్య రకమే. టీకా లేకుండా మిగిలిపోతున్నవీ ఇవే.

అందుకే నా మాట ఇది. చట్టం ఏం చెప్పినా ఊరు తనకు తాను ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. ముద్ద పెట్టినవాడిదే కుక్క. కొట్టు ముందు బిస్కెట్లు వేసే షాపాయనకు, హార్బరులో చేప తలలు వేసే అమ్మకు, అపార్టుమెంటు మెట్ల కింద పాలు పోసే టీచరమ్మకు ఇదే వర్తిస్తుంది. అన్నం పెట్టొద్దని నేననను. పెట్టండి, పుణ్యం. పెట్టే చేతికి అది లొంగుతుంది కాబట్టి, సూది వేసేటప్పుడు పట్టుకోగలిగేది కూడా ఆ చెయ్యే. కుక్కల బండి వస్తే ఊరవతలికి పారిపోయే రాజుగాడు మీ చేతిలో ముద్ద చూస్తే నిలబడతాడు.

జూలై 6 రైతుకు కుదిరే రోజేనా?

ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచిత టీకాలు వేస్తారు. ఆ తేదీకి కారణం ఉంది. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి మొదటిసారి కుక్కకాటు టీకా వేయించాడు. పిల్లవాడు బతికాడు. గొప్ప రోజే, కాదనను.

కానీ ఉత్తరాంధ్ర రైతుకు జూలై మొదటి వారం అంటే ఏమిటి? వానలు పడి నారుమళ్లు పోసుకునే సమయం. విత్తనాల వేట, ఎరువుల వరస. ఆ పని వదిలి, మెడకు తాడు అలవాటు లేని కుక్కను ఆటోలో ఎక్కించుకుని ఆరేడు మైళ్లు వెళ్లే రైతు ఎవరు? వెళ్లేవి పట్నంలో బెల్టు కట్టిన కుక్కలే. వాటికి వేయడం తప్పు కాదు. కళ్లం కుక్క మిగిలిపోతోందని చెబుతున్నాను.

గాలికుంటు టీకాకు ఈ ఇబ్బంది లేదు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఊరికే వస్తారు, సాల దగ్గరే వేస్తారు, చెవికి పోగు వేసి లెక్క రాసుకుంటారు. కుక్కకూ అదే దారి ఎందుకు ఉండకూడదు? మంచు పెట్టెతో ఎలాగూ ఊళ్లోకి వచ్చారు. అందులో ఇంకో నాలుగు సీసాలు పెట్టుకోలేరా?

నా సూచన ఒకటుంది. సంక్రాంతి అయ్యాక, ముక్కనుమ మర్నాటి నుంచి ఒక వారం పెట్టండి. కోతలు, నూర్పులు చాలావరకు అయి ఉంటాయి. మనుషులు ఊళ్లోనే ఉంటారు. కనుమకు పశువులను కడిగి బొట్టు పెట్టుకుంటాం. ఆ వరసలోనే కుక్కకూ పిల్లికీ టీకా వేయిస్తే పండగ పూర్తవుతుంది. పట్నంలో రైతు బజార్ల దగ్గర, ఫిషింగ్ హార్బరు దగ్గర తెల్లవారుజామున శిబిరాలు పెట్టండి. సచివాలయాల పశు సంవర్ధక సహాయకులు, పంచాయతీ, బడి మాస్టర్లు కలిస్తే ఒక ఊరికి ఒక రోజు చాలు.

ఇది అయ్యే పని కాదనుకోకండి. ఊళ్లో నూటికి 70 కుక్కలకు ఏటా టీకా పడితే జబ్బు వ్యాపించడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోవాలో కొన్నేళ్ల పాటు వలలు పట్టుకుని వీధి వీధీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు, బడుల్లో పిల్లలకు చెప్పారు. 2021లో గోవాను రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబీస్‌ను దేశంలో లేకుండా చేయాలని ప్రణాళిక ప్రకటించింది. ఆ గడువు దగ్గరకు వచ్చేసింది. మన ఊరి లెక్క ఎక్కడుంది?

చివరగా, మీతో రెండు మాటలు

ఈ కాగితం మడిచేముందు వాకిట్లోకి వెళ్లి చూడండి. మీ ముద్ద తినే కుక్క ఏదో, మీ పాలు తాగే పిల్లి ఏదో మీకు తెలుసు. దానికి టీకా కార్డు ఉందా? లేకపోతే ఈ వారమే దగ్గర్లోని పశువైద్యశాలకు వెళ్లండి. ఒక్కరే వెళ్లడం కష్టమనుకుంటే వీధిలో నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకోండి. లేదా డాక్టరును బతిమాలి ఊరికే తీసుకురండి. నలభై కుక్కలు ఒకచోట ఉన్నాయంటే రానని ఏ డాక్టరూ అనడు.

మా ఇంట్లో ఇప్పుడు ఇంకో నల్లోడు ఉన్నాడు. వాడి కార్డు పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టి ఉంచుతాడు మా నాన్న. ఏడాది తిరిగేసరికి ఆయనే గుర్తు చేస్తాడు, "ఒరే, ఈడి సూదికి టైమయినాది, తీసుకెల్లు" అని.